మూలికావైద్యంలో నామభ్రాంతి, అర్థవాదభ్రాంతి

అమరకోశం ద్వితీయకాండలోని వనౌషధివర్గాన్ని కంఠస్థం చేయకుండా పాఠశాల దాటిన విద్యార్థి ఒకప్పుడు ఉండేవాడు కాడు. ఆ వర్గంలో గుడూచికి తొమ్మిది పేర్లున్నవి. వత్సాదని, ఛిన్నరుహ, తంత్రిక, జీవంతిక, సోమవల్లి, విశల్య, మధుపర్ణి అన్నవాటితో పాటు అమృత అన్నది అందులో ఒకటి. అదే వర్గంలో హరీతకీ పర్యాయాలలోను, ఆమలకీ పర్యాయాలలోను అమృత అన్న పేరు మరల కనబడుతుంది. ఒకే గ్రంథంలో, ఒకే వర్గంలో, ఒకే శబ్దం తిప్పతీగకు, కరక్కాయకు, ఉసిరికకు చెల్లినది. వీటిలో ఒకటి తీగ, రెండు వృక్షాలు. ఒకటి పరమతిక్తం, ఒకటి కషాయప్రధానం, ఒకటి ఆమ్లప్రధానం. శ్లోకాన్ని గుక్క తిప్పకుండా అప్పజెప్పే బాలునికి ఈ సంగతి స్ఫురించదు. స్ఫురింపజేసే ఉపాధ్యాయులూ తగ్గినారు.

ఇది తరగతిగదికి పరిమితమైన విషయం కాదు. మూలికలకు దుష్ఫలితాలుండవని, ఋషిప్రోక్తం గనుక నిరపాయమని చెప్పే కరపత్రాలు, చిన్న పుస్తకాలు, చరవాణి సందేశాలు ఇంటింటికీ చేరుతున్నవి. వాటి శిరస్సున ఏదో ఒక శ్లోకార్ధం ఉంటుంది. ఆ శ్లోకాన్ని వెదకి ఇచ్చినవాడు, తాత్పర్యం వ్రాసినవాడు, కొన్నిచోట్ల పీఠిక సమకూర్చినవాడు ఒక సంస్కృత పండితుడే. రోగి ఆ పొడిని కొనుక్కొనేది మూలికను చూచి కాదు, సంస్కృతాన్ని చూచి. కాబట్టి మూలికల ఉపయోగాపాయ విచారణ వైద్యులదే గాని శాబ్దికులది కాదని తప్పించుకొనడానికి ప్రాచ్యకళాశాలలకు వీలులేదు. మూలికలవల్ల కలుగుతున్న అపాయాలలో గణనీయమైన భాగం రెండు పఠనదోషాలనుండి పుట్టినది. పేరును చూచి వస్తువు తెలిసినదనుకొనడం ఒకటి, ప్రశంసను చూచి విధి అనుకొనడం రెండవది. ఈ రెండూ శబ్దశాస్త్రం, మీమాంస చదివినవారు సరిదిద్దవలసినవి.

చరకసంహిత తొలి అధ్యాయమైన దీర్ఘంజీవితీయంలోనే ఈ విషయం స్పష్టంగా ఉన్నది. ఓషధుల నామరూపాలను మేకలు కాచేవారు, గొర్రెలు కాచేవారు, గోపాలకులు, ఇతర వనవాసులు ఎరుగుదురని అక్కడ చెప్పబడినది. అంతమాత్రాన ప్రయోగజ్ఞానం కలుగదని, నామరూపాలతో పాటు యోగాన్ని ఎరిగినవాడే తత్త్వవేత్త అని ఆ వెంటనే చెప్పబడినది. తెలియని ఔషధాన్ని విషంతోను, శస్త్రంతోను, అగ్నితోను, పిడుగుతోను పోల్చి, తెలిసినదానిని అమృతంతో పోల్చినాడు ఆచార్యుడు. తీక్ష్ణవిషం సైతం యుక్తితో ఔషధమవుతుందని, ఉత్తమౌషధం సైతం దుష్ప్రయుక్తమైతే విషమవుతుందని కూడా అక్కడే ఉన్నది. ఇంత నిష్కర్షగా చెప్పిన సంప్రదాయానికి నిరపాయవాదాన్ని అంటగట్టడం ఆ సంప్రదాయానికి చేసే అపచారం.

ఓషధులకు పేర్లు ఎట్లు ఏర్పడినవో నరహరి పండితుడు రాజనిఘంటువులో విచారించినాడు. రూఢివల్ల, స్వభావంవల్ల, దేశ్యోక్తివల్ల, లాంఛనంవల్ల, ఉపమవల్ల, వీర్యంవల్ల, ఇతరాహ్వయంవల్ల అని ఏడు మార్గాలు చూపినాడు. గ్రంథాంతంలో ఏకార్థాదివర్గమని ఒక భాగం చేర్చి, ఏ పదం ఎన్ని ద్రవ్యాలను చెబుతుందో పట్టికగా ఇచ్చినాడు. నామసామ్యం ప్రమాదకరమని పూర్వులకు తెలియకపోతే ఆ వర్గంతో పనిలేదు. తెలుగువారికి సంబంధించిన ముచ్చట మరొకటి ఆ గ్రంథంలోనే ఉన్నది. కర్ణాట మహారాష్ట్ర భాషలలో పేర్లిచ్చి, ఆంధ్రలాటాది భాషలవారు ఆ రెంటిని ఆశ్రయించి తెలుసుకొనవలెనని నరహరి సూచించినాడు. అనగా తెలుగు పేర్ల నిర్ణయభారం తెలుగు పండితులకే మిగిలినది. గురుబాలప్రబోధికాకారుని వంటివారు అమరానికి తెనుగు టీక వ్రాసి ఆ భారాన్ని కొంత మోసినారు. ఆ తరువాత ఆ టీకలోని తెలుగు పేరు ఏ మొక్కదో పొలంలోకి వెళ్ళి సరిచూచినవారు మాత్రం అరుదు.

గుడూచినే తీసికొందము. దాని పర్యాయాలు కేవలం ఛందఃపూరణకు కూర్చినవి కావు. ఛిన్నరుహ అన్నది స్వభావాన్ని చెబుతుంది. తీగను తెగగొట్టి చెట్టుకొమ్మపై పడవేసినా అది మరల వేరు దించి చిగిర్చుతుంది. ఇతర నిఘంటువులలోని చక్రలక్షణ అన్న పేరు లాంఛనాన్ని చెబుతుంది. కాండాన్ని అడ్డంగా కోస్తే బండిచక్రపు ఆకులవలె రేఖలు కనబడతవి. కొన్ని నిఘంటువులు కందగుడూచి అని వేరొక భేదాన్ని కూడా పేర్కొన్నవి. పేరులోనే పరీక్ష ఇమిడి ఉన్నదన్నమాట. అయితే ఈ లక్షణాలు గుడూచీజాతికి సామాన్యమైనవి. వృక్షశాస్త్రజ్ఞులు టైనోస్పోరా కార్డిఫోలియా అని పిలిచే అసలు తిప్పతీగకు, టైనోస్పోరా క్రిస్పా అనే దాని జ్ఞాతికి పోలిక చాలా దగ్గర. క్రిస్పా కాండం నిండా పులిపిరుల వంటి బుడిపెలు దట్టంగా ఉంటవి. ఇంకొక జ్ఞాతికి ఆకు అడుగున నూగు ఉంటుంది. చక్రం చూచి గుడూచి అని నిశ్చయించుకొన్నవాడు బుడిపెలు చూడకపోతే సగం పరీక్షే చేసినట్లు.

2020లో కరోనా వ్యాధి వ్యాపించినప్పుడు తిప్పతీగ కషాయం దేశమంతటా ఇంటిమందు అయినది. రోగనిరోధకశక్తిని పెంచుతుందన్న మాట వినని ఇల్లు లేదు. ఆ తీగను సేవించిన తరువాత కాలేయానికి హాని కలిగినవారు ఆరుగురిని గూర్చి ముంబయి వైద్యులు 2021లో ప్రకటించినారు. 2022లో దేశంలోని పదమూడు వైద్యకేంద్రాలనుండి 43 మందిని గూర్చిన వివరణ వెలువడినది. ఆయుష్ మంత్రిత్వశాఖ ఈ నిర్ణయాన్ని అంగీకరించలేదు. వాడిన తీగ నిజముగా గుడూచియో క్రిస్పాయో నిర్ధారణ కాలేదని అది ఆక్షేపించినది. ఆక్షేపణ విచారింపదగినదే. కాని ఆ ఆక్షేపణ సారమేమిటి? దేశంలో సామాన్యుడు గుడూచి అనుకొని మరొకటి త్రాగే అవకాశమున్నదని ప్రభుత్వమే ఒప్పుకొన్నట్లయినది. ఇక వైద్యులు చెప్పిన వేరొక సంగతి ఇంతకంటె ముఖ్యమైనది. శరీరం తన కాలేయాన్నే శత్రువుగా భావించి దెబ్బతీసే వ్యాధి కొందరిలో నిగూఢంగా ఉంటుంది. వారిలో నిరోధకశక్తిని రెచ్చగొట్టే ద్రవ్యం, అది అసలైన గుడూచియే అయినా, ఆ వ్యాధిని పైకి తేవచ్చును. శక్తిని పెంచే గుణమే ఇక్కడ దోషమైనది. నెలల తరబడి, మాత్రానియమం లేకుండా, రోగి ప్రకృతిని విచారించకుండా త్రాగమని ఏ సంహిత చెప్పినది?

పునర్నవ విషయంలో వ్యుత్పత్తియే దారి చూపుతుంది. వేసవిలో పైభాగం ఎండి, నేలలోని వేరునుండి తొలకరికి మరల కొత్తగా వచ్చేది గనుక అది పునర్నవ. ఈ లక్షణం బహువర్షజీవి, లావుపాటి వేరు గల అటికమామిడికి సరిపోతుంది. వర్షాలతో పుట్టి ఆ ఏడాదికే ముగిసేది వర్షాభువు. ఈ పేరు రసభరితమైన ఆకులు గల అంబటిమాడుకు పొసగుతుంది. (అమరం కప్పకు కూడా వర్షాభువు అనే పేరిచ్చినది. మండూకపర్ణిని వెదుకబోయి ఇక్కడికి వచ్చిన విద్యార్థులు ఉన్నారు.) తెలుగునాట ఈ రెండు మొక్కలకు గలిజేరు అన్న పేరే ఎక్కువ వాడుక. ఎర్రగలిజేరు, తెల్లగలిజేరు అని రంగుతో వేరుపరుస్తారు. శాస్త్రంలోని రక్తపునర్నవా శ్వేతపునర్నవలు ఇవేనని కొందరు, శ్వేతపునర్నవ అటికమామిడి జాతిలోనిదే మరొకటి అని కొందరు. వివాదం తీరలేదు. ఈ లోపల తెల్లగలిజేరు ఆకు మూత్రపిండాలను బాగుచేస్తుందన్న ప్రచారం తెలుగు జిల్లాలలో బలంగా వ్యాపించినది. కూరగా వండుకొని, పప్పులో వేసుకొని తినేవారు అనేకులు. ఆరోగ్యవంతుడు ఎప్పుడో ఒకపూట తింటే అది ఆకుకూర. మూత్రపిండాలు చెడిపోయినవాడు దానిని మందుగా నిత్యం తిన్నప్పుడు సంగతి వేరు. అంబటిమాడు ఆకులో ఆక్సలేటు లవణాలు హెచ్చు. అటికమామిడి వేరులో పొటాషియం నైట్రేటు ఉన్నదని, దాని మూత్రలగుణానికి అదొక కారణమని పరిశోధకులు చెప్పినారు. చెడిన మూత్రపిండం పొటాషియాన్ని వెలికి పంపలేదు. రక్తంలో అది పేరుకొంటే గుండె ఆగిపోవచ్చును. శోథఘ్ని అన్న పర్యాయాన్ని చూచి వాపుగల ప్రతి రోగికీ దానిని సూచించే పండితుడు, ఆ వాపు ఏ అవయవంవల్ల వచ్చినదో ఎరుగడు.

శంఖపుష్పి సంగతి సంక్షేపంగా చెప్పవచ్చును. ఆ పేరుతో నాలుగు వేర్వేరు మొక్కలు దేశంలో వాడుకలో ఉన్నవి. తెలుగులో శంఖపుష్పమనగానే నీలిపూల దింటెన తీగ మనస్సుకు వస్తుంది. అది సంస్కృతంలోని గిరికర్ణిక, అపరాజిత. విష్ణుక్రాంతను శంఖపుష్పిగా గ్రహించేవారు మరికొందరు. బ్రాహ్మీ మండూకపర్ణుల కలయిక కూడా ఇటువంటిదే. ఈ రెండు జంటలలో తారుమారైతే ఫలం తగ్గుతుందే గాని ప్రాణాపాయం సాధారణంగా లేదు. అందుచేత వీటిపై వ్యాసాలు చాలా వచ్చినవి. ప్రాణాపాయమున్నచోట మాత్రం వ్యాసాలు తక్కువ.

అట్టి స్థానం రాస్నా నాకులుల విషయం. అమరసింహుడు నాకులి, సురస, రాస్న, సుగంధ, గంధనాకులి మున్నగువాటిని ఒకే పర్యాయగణంలో కూర్చినాడు. రాస్న వాతహరద్రవ్యాలలో అగ్రగణ్యం. కీళ్ళనొప్పులకు నెలల తరబడి, ఏండ్ల తరబడి వాడేది. ఉత్తరదేశంలో రాస్న అంటే ఒక గుల్మం ఆకు, వంగదేశంలో చెట్లపై పెరిగే బదనిక, దక్షిణాన దుంపరాష్ట్రం. ఇంతవరకు నష్టం లేదు. అయితే నాకులి అన్నదానిని కొందరు సర్పగంధగా, కొందరు ఈశ్వరిగా గుర్తించినారు. సర్పగంధ వేరు రక్తపోటును తగ్గిస్తుందని 1949లో బొంబాయి వైద్యుడు రుస్తుం జాల్ వకీల్ ఆంగ్లపత్రికలో ప్రకటించిన తరువాత ప్రపంచమంతా దానిని స్వీకరించినది. 1952లో దానినుండి రెసర్పిన్ అనే ద్రవ్యం వేరుచేయబడినది. మోతాదు మించితే మనస్సును క్రుంగదీసే ద్రవ్యం అది. ఈశ్వరి సంగతి అంతకంటె తీవ్రం. గ్రామాలలో పాముకాటుకు వాడే ఈ తీగ, పురుగులకు వాడే గాడిదగడపాకు, రెండూ అరిస్టొలోకియా అనే కుటుంబంలోనివే. ఆ కుటుంబపు మొక్కలలోని ఆమ్లం మూత్రపిండాలను నశింపజేస్తుంది.

ఇది ఊహ కాదు. బెల్జియం దేశపు రాజధాని బ్రస్సెల్సులో 1990 తరువాత శరీరం సన్నబడడానికి ఒక చికిత్సాలయంలో మందులు వాడిన స్త్రీలకు మూత్రపిండాలు చెడిపోయినట్లు 1993లో వైద్యులు కనుగొన్నారు. అటువంటివారి సంఖ్య తరువాత నూరు దాటినది. కారణాన్ని వెదకగా తేలినది ఒక నామసామ్యం. చీనా వైద్యంలో ఫాంగ్‌జీ అనే ఉత్తరపదంతో రెండు మూలికలున్నవి. హాన్‌ఫాంగ్‌జీ ఒకటి, గ్వాంగ్‌ఫాంగ్‌జీ మరొకటి. వాడదలచినది మొదటిది. దానికి బదులు వచ్చి చేరినది రెండవది, అరిస్టొలోకియా జాతిది. విశేషణం జారిపోయి విశేష్యం మాత్రమే మిగిలినప్పుడు జరిగిన అనర్థమిది. వారిలో పలువురికి తరువాత మూత్రమార్గంలో అర్బుదాలు కూడా కనబడినవి. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 2002లో ఈ జాతి మొక్కలు గల మూలికౌషధాలను మానవులలో అర్బుదకారకాలుగా నిర్ణయించినది. రాస్నకు నాకులి పర్యాయమని, నాకులి అంటే ఈశ్వరి అని రెండు నిఘంటువులను జోడించి అర్థం వ్రాసే సంపాదకుడు, అటువంటి అనర్థానికి తెలుగులో ద్వారం తెరచినవాడవుతాడు. పర్యాయపదాలకు సంక్రమణన్యాయం వర్తించదు. ఒక గ్రంథంలో క, ఖ ఒకటి. వేరొక గ్రంథంలో ఖ, గ ఒకటి. అంతమాత్రాన క, గ ఒకటి కావు.

అతిమధురానికి బదులు గురివింద వేరు, ఆకు అంగడిలో కలవడం మరొక ఉదాహరణ. రెండూ తియ్యగా ఉంటవి. కాని గురివింద గింజలోని విషం ప్రాణాంతకం. అసలైన అతిమధురం కూడా నిత్యం నములుకొనదగినది కాదు. వారాల తరబడి సేవిస్తే అది శరీరంలో ఉప్పును, నీటిని నిలిపి, పొటాషియాన్ని పోగొట్టి, రక్తపోటును పెంచుతుంది. నిఘంటువులు ఈ దోషాన్ని చెప్పలేదు. చెప్పలేదని వాటిని తప్పుపట్టనక్కరలేదు, రక్తపోటును కొలిచే సాధనం నాడు లేదు. చెప్పలేదు గనుక దోషమే లేదనడం మాత్రం అనుపలబ్ధి ప్రమాణాన్ని అపార్థం చేసికొనడమే. యోగ్యానుపలబ్ధియే అభావాన్ని నిశ్చయింపజేస్తుందని తర్కసంగ్రహం చదివిన విద్యార్థికి సైతం తెలుసు.

ఇక రెండవ పఠనదోషం. మీమాంసకులు వేదవాక్యాలను విధి, నిషేధం, అర్థవాదం మున్నగు భేదాలతో విభజించినారు. అర్థవాదం స్తుతిద్వారా విధికి తోడ్పడుతుంది, స్వతంత్రంగా కర్తవ్యాన్ని బోధించదు. నిఘంటువులలోని ప్రశంసలను ఈ దృష్టితో చూడవలె. హరీతకిని తల్లితో సమానంగా స్తుతించిన వాక్యం తెలుగువారికి సుపరిచితం. అది ఎన్ని కరపత్రాలపై అచ్చయినదో లెక్కలేదు. భావప్రకాశంలో హరీతకీగుణాలను విస్తరించిన తరువాత, దానిని తినకూడనివారి పట్టిక ఉన్నది. నడకచేత అలసినవాడు, బలహీనుడు, రూక్షశరీరుడు, కృశించినవాడు, ఉపవాసాలతో చిక్కినవాడు, పిత్తాధికుడు, రక్తం పోయినవాడు, గర్భిణి దానిని సేవించరాదు. ఈ నిషేధం ఏ కరపత్రంపైనా అచ్చయినట్లు కనబడదు. స్తుతి ఉదాహృతమవుతుంది, నిషేధం లుప్తమవుతుంది. శ్రౌతకర్మలో ఇటువంటి పఠనం చేసినవానిని ఋత్విక్కుగా ఎవరూ వరించరు. దేహం విషయంలో మాత్రం అతని మాట చెల్లుతున్నది.

పిప్పలి ఇంకను బోధకమైనది. చరకుడు విమానస్థానం మొదటి అధ్యాయంలో మూడు ద్రవ్యాలను అధికంగా వాడరాదన్నాడు. అవి పిప్పలి, క్షారం, లవణం. పిప్పలి యోగవాహి అని, అనగా తాను చేరిన ద్రవ్యం శక్తిని మోసికొనిపోయేదని, సంతతోపయోగానికి తగదని అక్కడే వివరించబడినది. ఇరవయ్యో శతాబ్దపు చివరి దశకాలలో జమ్మూలోని పరిశోధనాలయంలో శాస్త్రజ్ఞులు ఈ యోగవాహిత్వాన్నే పరీక్షించినారు. పిప్పలిలోను మిరియాలలోను ఉన్న పైపరిన్ అనే ద్రవ్యం ఇతరౌషధాలు రక్తంలోనికి హెచ్చుగా చేరేటట్లు చేస్తుందని తేలినది. క్షయవ్యాధికి వాడే రిఫాంపిసిన్‌తో దానిని కలిపి, ఆ మందును తక్కువ మోతాదులో ఇచ్చే యోగం కూడా రూపొందినది. చరకవాక్యానికి ఇంతకంటె గౌరవం లేదు. అయితే ఆ వాక్యమే హెచ్చరిక. మూర్ఛకో, గుండెజబ్బుకో నిత్యం మాత్రలు మ్రింగే వృద్ధుడు ఇంటిలో పిప్పలీచూర్ణం కూడా మొదలుపెడితే, ఆ మాత్రల బలం వైద్యుడు లెక్కించినదానికి మించిపోవచ్చును. లాభం, అపాయం రెండు వేర్వేరు గుణాలనుండి రాలేదు. ఒకే గుణం ఒకచోట లాభం, మరొకచోట అపాయం. శొంఠి లేని కషాయం లేదన్న తెలుగు సామెతను నమ్మి త్రికటుకాన్ని ప్రతి ఇంటిమందులోను కలిపేవారు ఈ చరకవాక్యాన్ని ఒకసారి చూడవలె.

వసకొమ్మును తల్లిపాలతో సానపై అరగదీసి శిశువు నాలుకకు రాయడం తెలుగింటి ఆచారం. మాటలు త్వరగా వస్తవని నమ్మకం. గలగల మాట్లాడే పిల్లను వసపిట్ట అంటారు. వచకు మేధ్యమన్న ప్రశంస ఉన్నది, నిజమే. వామకద్రవ్యాలలో, అనగా వాంతి చేయించేవాటిలో, దానిని చరకుడు చేర్చినాడన్నది కూడా నిజమే. ఉత్తరకాలపు చికిత్సాగ్రంథాలు వచను గోమూత్రంలోను, ఇతర క్వాథాలలోను ఉడికించి శోధించిన తరువాతనే వాడమన్నవి. ఆచారంలో శోధన లేదు, సాన మాత్రమే ఉన్నది. వసలోని అసరోన్ అనే తైలాంశం జంతువులలో అర్బుదాలు కలిగించినందున అమెరికా దేశంలో 1968లో ఆహారపదార్థాలలో దానిని నిషేధించినారు. మన దేశపు వస రకాలలో ఆ అంశం హెచ్చు. ఏడాదికి ఒకసారి నాలుకకు తగిలించిన మాత్రాన ఆపద వస్తుందని బెదిరించనక్కరలేదు. అయితే అది శాస్త్రవిహితమని సమర్థించే అధికారం మాత్రం శాస్త్రం చదివినవారికి లేదు.

ఈ విచారణ మూలికానింద కాదు. అడ్డసరం ఆకు కఫకాసాలకు మంచిదన్నది ఇంటింటి అనుభవం. అందులోని వాసిసిన్ నమూనాగా బ్రోమ్‌హెక్సిన్ అనే కఫహరౌషధం రూపొందినది, నేడు దగ్గుమందులలో అది సర్వసామాన్యం. ఆ వాసిసినే గర్భాశయాన్ని సంకోచింపజేస్తుంది గనుక గర్భిణికి అడ్డసరం వర్జ్యం. నేలఉసిరి కథ మిశ్రమం. మద్రాసు వైద్యులు 1988లో లాన్సెట్ పత్రికలో దానివల్ల హెపటైటిస్-బి రోగులలో సగానికి పైగా మేలు కనబడినదని ప్రకటించినారు. తరువాత ఇతరచోట్ల జరిగిన పరీక్షలలో ఆ ఫలం నిలువలేదు. నేలఉసిరి పేరుతో పోలిక గల మొక్కలు అనేకం ఉన్నవి. భారతీయగ్రంథాలు చాలాకాలం దానికి అమెరికా ఖండపు సజాతీయం పేరు వాడుతూ వచ్చినవి. ఏ మొక్కను పరీక్షించినారన్న ప్రశ్నకు నిశ్చితమైన సమాధానం లేనిచోట ఫలవిచారణ సాగదు. ఈ లోపల కామెర్లకు పసరు పోయించుకొని, రక్తపరీక్షకు ఆలస్యం చేసి ప్రాణం మీదికి తెచ్చుకొనేవారు ప్రతి జిల్లాలోను ఉన్నారు. ఆ పసరులో ఏ ఆకున్నదో చెప్పరాదన్నది పసరు పోసేవారి నియమం. పేరు చెబితే గుణం పోతుందట. చరకుని మాటలో పిడుగుతో పోల్చబడినది ఈ అజ్ఞాతద్రవ్యమే.

పూర్వులు తమకు తెలియనిదానిని తెలియదని ఒప్పుకొన్నారు. జీవకం, ఋషభకం, మేద, మహామేద, కాకోలి, క్షీరకాకోలి, ఋద్ధి, వృద్ధి అనే అష్టవర్గం రాజులకు సైతం దుర్లభమని భావమిశ్రుడు వ్రాసినాడు. మేదలకు శతావరి, జీవకర్షభకాలకు విదారి, కాకోలులకు అశ్వగంధ, ఋద్ధివృద్ధులకు వారాహి అని ప్రతినిధులను నిర్దేశించినాడు. చ్యవనప్రాశలో అష్టవర్గం ఉన్నదని డబ్బాపై చదివి మురిసిపోయేవారు ఆ ప్రతినిధి విధానాన్ని ఎరిగి ఉంటే మేలు. ఇది దోషం కాదు. ఏది అసలు, ఏది ప్రతినిధి అన్న భేదం బహిరంగంగా ఉన్నది. ఆ బహిరంగతయే శాస్త్రత్వం.

గ్రంథపాఠం నేటికీ వ్యవహారంలో ప్రమాణమన్న సంగతిని ప్రాచ్యకళాశాలలు తగినంతగా గుర్తించలేదు. 1940 నాటి ఔషధ, సౌందర్యద్రవ్యాల చట్టంలో ఆయుర్వేదౌషధాలకు 1964లో ప్రత్యేక ప్రకరణం చేరినది. ఆ చట్టం మొదటి అనుబంధంలో ప్రామాణికగ్రంథాల పట్టిక ఉన్నది. చరకసంహిత, భావప్రకాశం, యోగరత్నాకరాలతో పాటు తెలుగుదేశపు బసవరాజీయం అందులో ఉన్నది. ఆ గ్రంథాలలోని యోగాన్ని అనుసరించి చేసిన మందుకు ఆ గ్రంథమే ఆధారం. అనగా ఒక తాళపత్రంలోని అపపాఠం, ఒక ముద్రాపకుని దోషం, ఒక టీకాకారుని తప్పు తెలుగు పేరు కర్మాగారం దాకా పోగలవు. కావ్యంలో పాఠాంతరం తప్పితే రసభంగం. ఇక్కడ తప్పితే కాలేయభంగం. భల్లాతకం, ధత్తూరం, గుంజ, వత్సనాభి వంటి విషద్రవ్యాలకు ఆ నియమావళిలోనే వేరొక పట్టిక ఉన్నది. అవి గల మందులపై వైద్యుని పర్యవేక్షణలో వాడవలెనన్న హెచ్చరిక ముద్రించవలె. కాని ఈశ్వరి, వస ఆ పట్టికలో లేవు. అక్కడ జాగ్రత్త పడవలసినది గ్రంథాన్ని పరిష్కరించేవారే.

వైద్యగ్రంథాన్ని పరిష్కరించే పరిశోధకుడు పాఠాంతరాలు ఇచ్చి ఊరుకొనడం చాలదు. ప్రతి ఓషధీనామం క్రింద అది ఏ మొక్కో, ఏ ఆధారంతో అట్లు నిర్ణయించినాడో, వివాదమున్నచోట వివాదమున్నదని స్పష్టంగా వ్రాయవలె. నిశ్చయం లేనిచోట తెలుగు పేరు ఇవ్వకుండా సంస్కృతనామాన్నే ఉంచడం మేలు. నిషేధశ్లోకాలను పీఠికలో చేర్చవలె. మూలికల వ్యాపారులు అడిగినప్పుడు శ్లోకం ఇవ్వదలచిన పండితుడు దాని ముందూ వెనుకా ఉన్న శ్లోకాలను కూడా ఇవ్వవలె. అవి అక్కరలేదని వారంటే ఇదీ ఇవ్వకుండుట ఉచితం.

బోధన విషయం చిన్నది. వనౌషధివర్గాన్ని కంఠస్థం చేయించే నెలలోనే విద్యార్థులను ఒకసారి పొలానికి, ఒకసారి అడవి అంచుకు తీసికొనిపోవచ్చును. వృక్షశాస్త్రం బోధించే అధ్యాపకుడు పొరుగు కళాశాలలో దొరుకుతాడు. శేషాచలంలోను, నల్లమలలోను యానాదులు, చెంచులు ఆకు నలిపి వాసనచూచి పేరు చెప్పగలరు. చరకుడు పేర్కొన్న వనవాసుల వంశీకులు వీరే. వారు వాడే పేర్లు ఏ నిఘంటువులోను ఎక్కలేదు, ఎరిగినవారిలో చాలామంది ఏండ్లు మీదపడినవారు. తొలకరి పడిన పది పదిహేను దినాలకు అటికమామిడి పాతవేరునుండి చిగిర్చుతుంది, అంబటిమాడు గింజనుండి మొలుస్తుంది. త్రవ్వి చూస్తే ఏది పునర్నవయో ఏది వర్షాభువో వేరు చెబుతుంది. కళాశాలలు తెరిచేది కూడా ఆ రోజులలోనే.